తపసుమాను నిమ్మకాయ

"ఎవురు కట్టినారు?"

మునెమ్మ మూడోసారి అడిగింది. చెంగల్రాయుడు మూడోసారి కూడా గోడవైపే చూశాడు.

నడి వేసవిలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దగ్గర గుండీ కూడా పెట్టుకుని కూర్చున్నాడు మహానుభావుడు. నిన్న సాయంత్రం ధర్మరాజుల గుడి నుంచి వచ్చినప్పటి నుంచి ఆ చొక్కా విప్పలేదు. వేణ్ణీళ్ళు తోడితే వద్దన్నాడు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన ఆడదానికి అంతకంటే ఆనవాలు ఏం కావాలి? అందుకే ఇందాక కాఫీ లోటా అందించే నెపంతో మునెమ్మ చెయ్యి పట్టుకుని గుండీ లాగేసింది. లోపల పసుపు దారం, దానికి పసుపుకొమ్ము. ఉత్సవ కంకణం.

"జెండా ఎత్తేది సూసొస్తానని పోయి, కంకణం కట్టించుకోనొచ్చినావా? సోమారం పొద్దున వేలూరు ఆస్పత్రిలో సేరాల నువ్వు. మరిసిపోయినావా?"

"మరవ...లేదు."

ఆ రెండు ముక్కల నడుమ ఒక ఊపిరి తీసుకున్నాడు. ఈ ఏడాదిగా ఆయన మాటలన్నీ అట్లాగే విరిగి వస్తున్నాయి.

ఆ ఊరి కట్టుబాటు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఉత్సవానికి కంకణం కట్టుకున్నవాడు పద్దెనిమిది దినాలు పొలిమేర దాటకూడదు. పెళ్ళి అయినా, చావు అయినా దాటకూడదు. పద్దెనిమిదో దినాన గుడిలోని అమ్మవారి పాదాల దగ్గరే ఆ దారం విప్పాలి. ఇవాళ శనివారం, రెండో దినం. ఎల్లుండి పొద్దున పది గంటలకల్లా చెంగల్రాయుడి కోసం వేలూరులో ఒక మంచం ఖాళీగా పెట్టి ఉంచుతారు. ఆ మంచానికీ ఈ మనిషికీ నడుమ మోకాలెత్తు పొలిమేర రాయి ఒకటి అడ్డం పడింది. కావాలనే తెచ్చి పెట్టుకున్నాడు.

 మునెమ్మ లోటా అక్కడే పెట్టి, వంటింట్లోకి పోయి, పొయ్యి ముందు ఊరికే కూర్చుంది.

పోయిన నెల వేలూరు డాక్టరు అంత ఓపిగ్గా చెప్పాడు కదా, ఆ మాటలన్నీ ఏ గాలికి పోయినట్టు?

ఆ డాక్టరుకు నలభై ఏళ్ళుంటాయేమో. తెలుగు బాగానే మాట్లాడేవాడు. ఎక్స్‌రే ఫోటోను దీపం పెట్టెకు ఆనించి, కుడిపక్క నల్లగా ఉన్న చోటు వేలితో చూపించాడు. "ఇది చూడమ్మా. ఊపిరితిత్తి పైభాగమంతా ఒకే గాలి బుడగ అయిపోయింది. పొంగిన పూరీ మాదిరి. దీంట్లోకి పోయిన గాలి బయటికి రాదు, పనికీ రాదు. కింద బాగుండే ఊపిరితిత్తిని ఇది అణగదొక్కి కూర్చుంది" అన్నాడు. జబ్బు పేరు ఎంఫిసీమా అన్నాడు. ఇరవై ఏళ్ళు బెల్లం పొయ్యి ముందు పొగ, దాని మీద దినానికి రెండు కట్టల బీడీలు. ఎక్కడి నుంచి వచ్చిందో మునెమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"కోసేస్తే బాగైపోతాడా సార్?" అని అడిగాడు కొడుకు దామోదరం.

డాక్టరు అబద్ధం చెప్పే రకం కాదు. "జబ్బంతా పోదు. పక్కటెముకల నడుమ తెరిచి ఆ బుడగ తీసేసి కుట్టేస్తే, అణిగిపోయిన భాగం విచ్చుకుంటుంది. ఇప్పుడు పది అడుగులకు ఆగే మనిషి, అప్పుడు పొలం దాకా నడుస్తాడు. ఆ పెద్ద కోతకు ఒళ్ళు తట్టుకోదనుకుంటే ఇంకో దారి ఉంది. చిన్న రంధ్రం చేసి బుడగలోకి గొట్టం పెడతాం. వారాల తరబడి ఆ గొట్టంతో ఉండాలి. అది బలహీనులకు. ఈయనకు మొదటిదే మేలు."

"కొత్త ఊపిరితిత్తి పెడతారంట కదా సార్, పేపర్లో..."

"పై దేశాల్లో ప్రయత్నిస్తున్నారు. పెట్టించుకున్నవాళ్ళు నిలబడలేదయ్యా. రెండు పక్కలా కొంచెం కొంచెం కత్తిరించి చూసినవాళ్ళూ ఉన్నారు మునుపు. చాలామంది పోయినారు, అది మానేసినారు. తిత్తి మొత్తం జల్లెడ అయిపోయుంటే నేనే వద్దనేవాణ్ణి. మీ నాయనది అదృష్టం, ఒకే బుడగ. కోయడానికి వీలైంది."

బుడగను అదృష్టమనడం మునెమ్మ మొదటిసారి వినింది.

తర్వాత డాక్టరు చెంగల్రాయుడి వైపు తిరిగి, వేలు ఎత్తి చెప్పాడు. బీడీ ముట్టుకోకూడదు. బరువు ఎత్తకూడదు. ఎత్తుకు ఎక్కకూడదు. గొంతెత్తి పాడకూడదు. ఆ బుడగ పగిలిందంటే నిమిషాల మీద పని. ఇచ్చిన తేదీకి రాకపోతే మంచం ఇంకొకరికి పోతుంది. మళ్ళీ వరస వచ్చేసరికి మూడు నెలలు. అంత కాలం ఆ బుడగ ఆగుతుందని తాను మాట ఇవ్వలేడు.

అన్నీ విని చెంగల్రాయుడు ఒక్కటే అడిగాడు. "మత్తుమందు పీల్పించేటప్పుడు మా ఆడమనిసి పక్కన ఉండొచ్చునా సార్? అది లేకుంటే నేను పీల్చను." డాక్టరు నవ్వాడు. తలుపు దాకా రావచ్చులే అన్నాడు.

* * *

పదిన్నర బస్సుకు దామోదరం దిగాడు. చిత్తూరు డిపోలో కండక్టరు. నాయన ఆపరేషను కోసం పది దినాలు సెలవు పెట్టి, ఖాకీ బట్టలతోనే వచ్చేశాడు. భార్య మునిలక్ష్మి గడపలోనే ఎదురెళ్ళి సంగతి చెవిలో వేసింది.

"కంకణమా! ఏమి నాయనా, ఏమైనా తెలివుండే పనేనా ఇది?"

చెంగల్రాయుడు తల తిప్పలేదు.

"ఒక మంచం కోసం ఎంతమంది కాళ్ళు పట్టుకున్నానో తెలుసునా నీకు? దారం ముక్క! ఒక బ్లేడుతో తెగిపోతాది. మునిలక్ష్మీ, నా గడ్డం పెట్టె తే."

"రేయ్!" మునెమ్మ వంటింట్లోంచి విసురుగా వచ్చింది. "బ్లేడు పెట్టినావంటే నా మీద ఒట్టు. నీ పుట్టుకే ఆ తపసుమాను సలవ. ఎవురు తెంచినా నువ్వు తెంచగూడదు."

"అయితే సావనీమంటావా?"

ఆ మాట అనేసి దామోదరమే ముందు బెదిరిపోయాడు.  చెంగల్రాయుడి ఊపిరి గానుగ తిరిగినట్టు కిర్రుమని వినబడుతోంది.

మధ్యాహ్నం నాలుగు విస్తళ్ళు వేశారు. సంగటి, వంకాయ పులుసు. కంకణం కట్టుకున్నవాడికి ఒంటిపూట భోజనం కాబట్టి మునెమ్మ అలవాటు మీద మొగుడి విస్తట్లో రెండో ముద్ద కూడా పెట్టింది. పెట్టాక తన మీద తనకే కోపం వచ్చింది. చూశారా, తానే ఆ కంకణాన్ని ఒప్పేసుకుంది!

ఇరవై ఎనిమిది ఏళ్ళు ఇట్లాగే పెట్టింది మరి.

ఉత్సవంలో తపసు దినం, అంటే భారతంలోని తపసు ఘట్టం ఆడే దినం, వచ్చిందంటే చుట్టుపక్కల పల్లెలన్నీ బండ్లు కట్టుకుని వచ్చేవి. గుడి ముందర మైదానంలో పది బారల ఎత్తు మాను, దానికి కొయ్య మెట్లు. తపసు వేషం కట్టిన చెంగల్రాయుడు మెట్టుకొక పద్యం పాడుతూ ఎక్కేవాడు. మైకులు లేని కాలంలో కూడా ఆ గొంతు చెరువు కట్ట మీద నిలబడ్డవాళ్ళకు వినబడేది. పద్యం చివర రాగం తీస్తే, కింద తాళం వేసేవాళ్ళ చేతులు నొప్పి పుట్టేవి కానీ ఆయన ఊపిరి తెగేది కాదు. ఎక్కడెక్కడికి పోయినా ఆయన పేరు తపసు రాయుడే. పైకి చేరి పూజ చేసి నిమ్మకాయలు విసిరితే, బిడ్డలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ నిలబడి ఒడి పట్టేవాళ్ళు. ఒడిలో కాయ పడిన ఆడదానికి ఏడాది తిరిగేలోగా ఊయల కట్టాల్సిందేనని నమ్మకం.

మునెమ్మ కూడా నిలబడింది. పెళ్ళయి నాలుగేళ్ళు దాటినా కడుపు పండని రోజుల్లో, తడిచీరతో, అరవై మంది ఆడవాళ్ళ నడుమ. ఆకాశంలో ఎక్కడో చుక్కలాగా ఉన్న తన మొగుడు విసిరిన కాయ వచ్చి నేరుగా తన ఒడిలో పడింది. ఆ రోజు ఆ కొంగు బరువు ఆమెకు ఇప్పటికీ తెలుస్తుంది. మరుసటేడు దామోదరం. ఊరంతా చెంగల్రాయుణ్ణి ఆటపట్టించింది. "ఏమప్పా, గురి సూసి కొట్టినావే!" అని. వేషగాడు గురి చూడకూడదు, కళ్ళు మూసుకుని విసరాలి. "అమ్మ తోడు, కండ్లు మూసుకోనే ఏసినా" అని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. మునెమ్మ నమ్మింది. అమ్మవారే ఇచ్చిందని ప్రతి శుక్రవారం దీపం పెడుతూ వచ్చింది.

పోయిన ఏడు మెట్టు మెట్టుకూ ఆగి ఆగి ఎక్కాడు. జనం అది భక్తి అనుకుని చెంపలు వేసుకున్నారు. అది భక్తి కాదు, ఆయాసమని కింద నిలబడిన మునెమ్మ ఒక్కదానికే తెలుసు.

* * *

ఆదివారం పొద్దున్నే ఉత్సవం పెద్ద దేవరాజులును దామోదరం ఇంటికి పిలుచుకొచ్చాడు. దేవరాజులుకు డెబ్భై దాటింది. కంకణాలు కట్టేది ఆయన చెయ్యే.

"రోగిష్టి మనిసికి కంకణం ఎట్ల కడితివి దేవరాజులన్నా?" మునెమ్మ అరుగు మీద చాప కూడా వేయకుండా అడిగింది.

"ఆపరేసను వొద్దన్నారంట కదమ్మా? మందులతోనే పోతాదన్నారని రాయుడే సెప్పినాడే నాతో!"

అందరి చూపులూ చెంగల్రాయుడి మీదికి పోయాయి. ఆయన నేల చూపు చూస్తున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి, దొంగ బెల్లం తిన్న పిల్లవాడిలాగా కనిపించాడు.

దేవరాజులు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అబద్ధమాడి కట్టించుకుంటివా రాయుడూ? ఇప్పుడు నన్నేమి సేయమంటావప్పా? మాను ఎక్కేదానికి వెంకటముని ఉండాడు, వాడు ఎక్కుతాడు. అది కాదు గదా. కట్టిన దారం నడిమద్దెలో ఇప్పితే ఊరంతా నా మీద పడతాది. రేపు ఎవురింట్లో ఆవు సచ్చినా దీనివల్లే అంటారు."

"ఊరికి ఆవు ముఖ్యమా, మా నాయన ముఖ్యమా?" అన్నాడు దామోదరం.

"నాకు మీ నాయనే ముఖ్యం బిడ్డా. నాకు కోపం తెప్పించొద్దు. వాడు ఎక్కిన మొదటేడు వేషం కట్టింది నేనే. ఆ గొంతు మల్లా పుట్టదు."  ముసలాయన చాలాసేపు తలపాగా మడతలు సర్దుతూ కూర్చున్నాడు. వెళ్ళడానికి లేచినవాడు గడప దగ్గర నిలిచాడు. చెప్పాలా వద్దా అన్నట్టు మునెమ్మను చూశాడు.

"ఒక దారి ఉండాది. మా నాయన కాలంలో చెంగయ్య అనేవోడొకడు కంకణంతో ఉండగా కోర్టు వారంటొచ్చింది. అప్పుడు ఆ కంకణం ఇప్పకుండా సేయి మార్చినారు. పెండ్లాము సేతికి. కట్టుకున్నోడికి బదులు ఆమె ఉండాల. ఒంటిపూట, సేయి మారినాక గుడి వసారాలోనే పడక..."

ఆగాడు. మిగతాది మునెమ్మే పూర్తి చేసింది.

"పొలిమేర దాటగూడదు. అంతేనా అన్నా?"

"అంతే తల్లీ. యాడ ఏమి జరిగినా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అట్లా నిలబడిపోయింది మునెమ్మ. కోత బేస్తవారం. మొగుడు తలుపు అవతల మత్తుమందు పీల్చే వేళకు తాను ఇక్కడ గుడి వసారాలో కూర్చోవాలి. ఏదైనా జరిగితే కడసారి చూపు కూడా లేదు.

* * *

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చెంగల్రాయుడు పెరట్లో గానుగ రాయి మీద కూర్చుని ఉన్నాడు. మునెమ్మ పోయి పక్కన కూర్చుంది.

"ఎందుకు అబద్ధమాడితివి? కోతంటే బయమా?"

"బయమే. అయినా దానికి కాదు."

"మరి?"

చెంగల్రాయుడు ఇంట్లోకి చూశాడు. మునిలక్ష్మి గిన్నెలు తోముతోంది. ఆ పిల్లకు పెళ్ళయి ఐదేళ్ళు. చిత్తూరులో ఎంతమంది డాక్టర్లకు చూపించినా ఏ లోపమూ లేదన్నారే కానీ కడుపు పండలేదు.

"ఈ ఏడు అది ఒడి పడతానన్నింది. కోసినాక... డాక్టరు ఇంక నన్ను మాను ఎక్కనీడు. ఇదే కడ. వెంకటముని ఏస్తే యాడ పడతాదో. వానికి గురి లేదు."

"గురి సూడగూడదు గదా?"

 ఆయన ఊపిరి కూడదీసుకోవడానికి ఆగాడేమో అనుకుంది. కాదు.

"మునెమ్మా. ఆ పొద్దు... గురి సూసే ఏసినా."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"అంత పైనుంచి మీరంతా సీమల మాదిరి కనపడతారు. నీ పచ్చచీర కొంగు ఒక్కటే నాకు తెలుస్తాండె. రెండు కాయలు వేరే దిక్కు ఏసి... మూడోది నీకు ఏసినా. అమ్మ మీద దొంగ ఒట్టు పెట్టినా. ఇన్నేండ్లూ సెప్పలా."

ఇరవై ఆరేళ్ళ శుక్రవారం దీపాలన్నీ మునెమ్మ కళ్ళ ముందు ఒక్కసారి ఊగాయి. మొదట ఒళ్ళు మండింది. దేవుడి పేరు చెప్పి ఇంత మోసమా! ఆ వెనకాలే ఇంకో తలపు వచ్చింది. అరవై కొంగుల్లో, ఆ ఎత్తులోంచి, ఈ పిచ్చిమనిషి తన కొంగు ఒక్కటే వెతుక్కున్నాడు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. కొంగు నోట్లో కుక్కుకుంది.

"అయితే ఇను," అంది కళ్ళు తుడుచుకుని. "కాయ ఇచ్చింది మాను కాదు, నీ సెయ్యి. ఆ సెయ్యి బతికుంటే నా కోడలికి నేల మీద నిలబడి ఏసినా సాలు. కంకణం నాకు కట్టిస్తావు. నువ్వు రేపు బస్సెక్కుతావు."

"నువ్వు లేకుంటే... నేను మత్తుమందు పీల్చనని..."

"పీల్చకుంటే ఏం జేస్తావు? కండ్లు తెరుసుకోని కోయించుకుంటావా?"

చెంగల్రాయుడు నవ్వాడు. నవ్వు దగ్గయి, దగ్గు ఆయాసమై, చాలాసేపటికి గానీ నిలవలేదు. అంతసేపూ మునెమ్మ వీపు రాస్తూనే ఉంది.

"ఏమన్నా అయితే," అన్నాడు చివరికి, "నువ్వు రావు."

"రాలేను. తెలుసు గదా నీకు."

తెలుసన్నట్టు తల ఊపాడు.  మునిలక్ష్మి వచ్చి లోపలికి పిలిచేదాకా ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు.

* * *

సోమవారం తెల్లవారుజామునే గుడి తెరిచారు. దేవరాజులు దారాన్ని ముడి విప్పకుండానే చెంగల్రాయుడి చేతి నుంచి జార్చి, మునెమ్మ చేతికి ఎక్కించాడు. గాజుల మీదుగా రావడానికి కొంచెం కష్టపడింది. అమ్మవారి పాదాల దగ్గరి నిమ్మకాయ ఒకటి తీసి, ప్రయాణానికని చెంగల్రాయుడి చేతిలో పెట్టాడు.

ఆరున్నర బస్సు ఆగేది పొలిమేర రాయికి అవతల, కల్వర్టు దగ్గర. మునెమ్మ రాయి దాకా వచ్చి నిలబడింది. మూటలో పంచెలు, చింతకాయ తొక్కు సీసా, డాక్టరు ఇచ్చిన ఫోటో కవరు కొడుక్కి అందించింది. "ఫోటో మడతపెట్టొద్దురా. బేస్తవారం మాపటికి కబురు పంపించు. ఏ కబురైనా" అంది.

దామోదరం కవరు చంకలో పెట్టుకున్నాడు. నాయన రెక్క పట్టుకుని నడిపించాడు. ఆ కొంచెం దూరానికి చెంగల్రాయుడు రెండుసార్లు ఆగాడు. బస్సు ఎక్కాక కిటికీ దగ్గర కూర్చుని ఇటు తిరిగాడు. మునెమ్మను చూశాడు. ఆమె పక్కన నిలబడిన కోడల్ని చూశాడు. నిమ్మకాయ ఉన్న చెయ్యి కిటికీలోంచి బయటికి పెట్టాడు.

మునిలక్ష్మికి అర్థమైంది. గబగబా కొంగు విప్పి పట్టింది.

మాను ఎంత ఎత్తో, బస్సుకూ రాయికీ నడుమ అంతే దూరం ఉంటుంది. కానీ ఇది పైనుంచి కిందికి వదలడం కాదు. చెంగల్రాయుడు కళ్ళు పెద్దవి చేసి గురి చూశాడు, ఊపిరి బిగబట్టి విసిరాడు. కాయ గాల్లో బాగానే లేచింది. సగంలో బలం తగ్గి, నేల మీద పడి, దొర్లి, రాయికి అవతల మూడు జానల దూరంలో ఆగిపోయింది.

బస్సు కదిలింది. కిటికీలో ఆ చెయ్యి అట్లాగే చాపి ఉంది.

మునిలక్ష్మి రాయి దాటబోయింది. ఆ పిల్లకు కంకణం లేదు, కట్టుబాటూ లేదు. మునెమ్మ కంకణం చేత్తోనే కోడలి రెక్క పట్టుకుంది.

"ఉండనీ మే. ఆయనే వొచ్చి తీసిస్తాడు."

"మామ తిరిగొచ్చేదానికి పది పదైదు దినాలన్నా పడతాది గదత్తా. ఎండకు ఎండిపోతాదే?"

"ఎండితే ఎండనీ. మేకలు ముట్టకుండా కంపమండ ఒకటి కొట్టుకొచ్చి అడ్డం పెట్టు, పో."

మునిలక్ష్మి కంప కోసం పరుగెత్తింది. బస్సు వేలూరు దారి మలుపు తిరిగి కనబడకుండా పోయింది. మునెమ్మ రాయికి ఇవతల, కాలి వేళ్ళు కూడా అవతలికి పోకుండా ముడుచుకుని కూర్చుంది. బేస్తవారం కబురు ఈ దారినే రావాలి.